గుర్రం వెనక తలుపు

నాగూర్ వలికి ఉన్న పిచ్చి ఒక్కటే. తన గుర్రం ఎక్కిన ప్రతి పెళ్లికొడుకూ కిందపడి వెన్నెముక విరగ్గొట్టుకుంటాడని అతని గట్టి నమ్మకం. ఎనిమిదేళ్లలో ఒక్కడూ పడలేదు. అయినా నమ్మకం సడలలేదు సరికదా, ఏటేటా ముదిరింది.

ఆ గుర్రం పేరు రోషిణి. తెల్లది, ముసలిది, బుద్ధిమంతురాలు. మార్టూరు చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపుల్లో నడవడం తప్ప లోకంలో పరుగనేది ఒకటుందని అది ఎప్పుడో మరిచిపోయింది. ఎదురుగా మిరపకాయల లారీ వస్తే తనే పక్కకు తప్పుకుని, లారీ వెళ్లాక రెండుసార్లు తుమ్మి, మళ్లీ నడక సాగించేది. దానిమీద కూర్చోవడానికి ఇంత భయమెందుకో బ్యాండుమేళం మీరా హుస్సేన్‌కి అంతుబట్టేది కాదు. ఊరేగింపుల్లో ఆ గుర్రం ముందు క్లారినెట్ ఊదుతూ నడిచేది అతనే.

నాగూర్ వలి అసలు వృత్తి దూదేకి పరుపులు కుట్టడం. ఆ పనితనమంతా ధారపోసి ఒక కోటు కుట్టాడు. ముందూ వెనకా రెండంగుళాల మందాన దూది, వీపు పొడుగునా వెదురు బద్దలు. షేర్వాణీ కింద అది తొడుక్కోనిదే ఎవణ్ణీ గుర్రం ఎక్కనిచ్చేవాడు కాదు. తలకి స్కూటరు హెల్మెట్, దానిమీద మొహం ముందుకి వేలాడే పూల సెహరా. మే నెల ఎండలో ఆ కోటు తొడిగిన వాడు పెద్దలకు సలాము చేద్దామన్నా నడుం వంగేది కాదు. ఆ ఏళ్లలో అక్కడ తీసిన పెళ్లి ఫోటోలు చూస్తే, ప్రతి పెళ్లికొడుకూ పోలీసు ఉద్యోగానికి ఛాతీ కొలత ఇస్తున్నట్టే ఉంటాడు.

కోటుతో పోతే బాగానే ఉండేది. గుర్రం వెనక ఒక తలుపు కూడా వచ్చేది. నలుగురు మనుషులు దాన్ని భుజాలమీద మోసేవాళ్లు.

"ఈ తలుపెందుకయ్యా?" అని పెళ్లివారు అడిగేవారు.

"పడితే పడుకోబెట్టడానికండి," అనేవాడు నాగూర్ వలి ఎంతో మర్యాదగా.

ఆ తలుపు అతని పెరటిదే. పెళ్లి ఉన్న రోజల్లా భార్య గుల్జార్ బేగం కర్ర పట్టుకుని పెరటి గుమ్మంలో కూర్చునేది. "పెళ్లి వాళ్లకి, కుక్కల కాపలా నాకు," అని వచ్చేపోయేవాళ్లకి చెప్పుకునేది.

"ఒరేయ్ వలీ, నేను పెళ్లిపాట ఊదుతుంటే వెనక నీ తలుపు చూసి జనం రోడ్డు పక్కన నిలబడి దండాలు పెడుతున్నార్రా!" అని మీరా హుస్సేన్ మొత్తుకునేవాడు.

"పెట్టనీరా. దండం పెడితే నష్టమేముంది?"

ఇలా ఉండగా 2003లో జాన్ బాషా కూతురు సిద్దికా పెళ్లి వచ్చింది. జాన్ బాషాకి మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉంది. పెళ్లికొడుకు షఫీక్‌ది ఒంగోలు. కోటు తొడగ్గానే అతను బిక్కమొహం వేశాడు.

"మావయ్యా, ఊపిరాడట్లేదు."

జాన్ బాషా కల్పించుకున్నాడు. "వలీ, మా అల్లుడు సుకుమారుడు. ఈ ఒక్కరోజుకి మానెయ్యవయ్యా."

"సుకుమారుడికే ఎక్కువ అవసరం బాషాగారూ. లేదంటే నడిచి రమ్మనండి. నడిచేవాడికి కోటు అక్కర్లేదు."

అల్లుణ్ణి నడిపించుకొస్తే పరువేం కావాలి? షఫీక్ కోటుతోనే ఎక్కాడు. సాయంత్రం నాలుగున్నరకి ఊరేగింపు ఫ్యాక్టరీ ముందుకి చేరింది. షఫీక్ స్నేహితులకి అక్కడ ఉత్సాహం ఆగలేదు. ఐదువేల టపాకాయల దండ తెచ్చి సరిగ్గా రోషిణి కాళ్లముందు అంటించారు. ఎనిమిదేళ్లుగా దాచుకున్న భయాన్నంతా రోషిణి ఒక్కసారే బయటపెట్టింది. ముందుకాళ్లు పైకెత్తింది. పెళ్లికొడుకు వెళ్లి గ్రానైట్ ముక్కల మీద వెల్లకిలా పడ్డాడు.

పడ్డవాణ్ణి ఏం చెయ్యాలో మనవాళ్లకి పుట్టుకతోనే తెలుసు. ఇద్దరు చంకల్లో చేతులేసి లేపాలి. ఒకడు కాళ్లు విదిలించమనాలి. ఇంకొకడు గోలీసోడా తేవాలి. మిగతావాళ్లు "ఏం కాలేదు, ఏం కాలేదు" అనాలి. మీరా హుస్సేన్ క్లారినెట్ పారేసి అందరికంటే ముందు చంకల దగ్గరికి చేరాడు. చెయ్యి వెయ్యబోతుంటే ఆ చేతిమీద కొరడా ఛెళ్లుమంది. రోషిణిని ఏనాడూ తాకని కొరడా అది.

"ముట్టుకున్నవాడి చెయ్యి విరుస్తా!" అని నాగూర్ వలి అరిచాడు.

"కాళ్లు తిమ్మిరిగా ఉన్నాయి మావయ్యా," అన్నాడు షఫీక్ సన్నగా.

జాన్ బాషా ముందుకు తోసుకొచ్చాడు. "లేపండిరా వాణ్ణి! పెళ్లిరోజున తలుపు మీద మోస్తారా? అరిష్టం!"

"లేపితే కాళ్లు పోవచ్చు బాషాగారూ. మీ అమ్మాయికి నడిచే మొగుడు కావాలా వద్దా?"

నాగూర్ వలి షఫీక్ తలదగ్గర మోకాళ్లమీద కూర్చుని, హెల్మెట్ తియ్యకుండా రెండు చేతులతో కదలకుండా పట్టుకున్నాడు. "వెన్ను మెలిపడకూడదు. దుంగని దొర్లించినట్టు అందరూ ఒక్కసారే!" అన్నాడు. అలాగే దొర్లించి తలుపు మీదికి చేర్చి, తలపాగాలతో కట్టి, ఫ్యాక్టరీ లారీలోకి ఎక్కించారు. గుంటూరు దాకా అతను ఆ తల వదల్లేదు.

ఎముకల డాక్టరు ఎక్స్‌రేలు తీయించి చూశాడు. "వెన్నుపూస ఒకటి చిట్లింది. నరాలు బాగానే ఉన్నాయి. కోటు దెబ్బ జోరు కొంత తగ్గించింది. కానీ ఏ కోటూ అన్నిటినీ ఆపలేదు. అక్కడే లేపి కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. ఆ తలుపెవరిది?"

"నాదేనండి. పెరటిది," అన్నాడు నాగూర్ వలి.

పెళ్లి ఆపుదామా అని సిద్దికాని అడిగారు. "కాళ్లు కదులుతున్నాయిగా, ఇంక ఆపడమెందుకు?" అంది. మూడోరోజు ఆసుపత్రి వార్డులోనే, పెళ్లికొడుకు వెల్లకిలా పడుకుని ఉండగా నిఖా జరిగింది. రెండు నెలలకి షఫీక్ పట్టీ కట్టుకుని నడిచాడు.

ఆ తర్వాత ఒక శుక్రవారం మీరా హుస్సేన్, నమాజు అయ్యాక దూది మూటతో చిలకలూరిపేట బస్సెక్కుతున్న నాగూర్ వలిని పట్టుకున్నాడు.

"ఎక్కడికిరా ప్రతి వారం?"

"రంజాన్ పరుపులో దూది మార్చాలి."

రంజాన్ అంటే మార్టూరులో జట్కా తోలినవాడు. ఎప్పుడో గుర్రం మీంచి పడి, చుట్టాల ఊరికి వెళ్లిపోయాడని మీరా హుస్సేన్ విన్నాడు. తనూ బస్సెక్కాడు. రంజాన్ మంచంలో ఉన్నాడు. నడుం కింద కదలిక లేదు. ఒంటిమీద మాత్రం ఒక్క పుండు లేదు. నాగూర్ వలి అతన్ని మెల్లిగా పక్కకు తిప్పి, పరుపు విప్పి, దూది ఏకి మళ్లీ నింపి, నీళ్లకని బయటికి వెళ్లాడు.

"రోషిణి నాదేరా," అన్నాడు రంజాన్. "నేను పడ్డాక తిండి పెట్టేవాళ్లు లేక వలి తోలుకెళ్లాడు. ఆరోజు నా చంకల్లో చేతులేసి లేపింది వాడే. సోడా తాగించిందీ వాడే."

మీరా హుస్సేన్ మంచం దగ్గరికి జరిగాడు. "వాడు చెప్పాడా?"

"వాడెందుకు చెబుతాడు? నాకు తెలియదనుకుంటున్నాడు. పడింది నేనైతే నాకు తెలియకపోవడమేంట్రా!"

"మరి ఎప్పుడూ అనలేదేం?"

"లేపకపోయినా కాళ్లు పోయేవేమో, ఎవడికి తెలుసు? అంటే వాడు కుంగిపోతాడు. కుంగినవాడు కుట్టిన పరుపు మీద మనిషి పడుకోలేడు."

నాగూర్ వలి బిందెతో లోపలికొచ్చి ఇద్దరినీ అనుమానంగా చూశాడు. "ఏంట్రా గుసగుసలు?"

"ఏం లేదు," అన్నాడు రంజాన్. "కోటు మెడ దగ్గర పల్చగా ఉందంటున్నాడు వీడు. ఇంకో పొర వెయ్యాలంట."

నాగూర్ వలి మొహం వెలిగిపోయింది. బిందె దించి జేబులోంచి టేపు లాగాడు. "నేనూ అదే అనుకుంటున్నా. అయినా ఒరేయ్, ఊరేగింపులో గుర్రం ముందు నడిచేది నువ్వేగా. అది తంతే నీ గతేంటి? ఏదీ, ఇలా రా."

మీరా హుస్సేన్ గడ్డం పైకెత్తి నిలబడ్డాడు.