గార్డు తీసిన గ్రైండర్

నా ఎడమ చెంప మీద చెవి నుంచి దవడ దాకా ఒక గాటుంది. మిట్టమధ్యాహ్నం ఇంట్లో దూరిన దొంగ జానెడు కత్తితో వేసిన గాటు అది. నేను వాడి మణికట్టు పట్టి మెలితిప్పితే ఎముక పటుక్కుమన్నది. పైపు రెంచితో మోకాలి మీద ఒక్కటిచ్చాను. వాడు కుంటుకుంటూ గోడ దూకి పారిపోయాడు. వాడి నెత్తురూ నా నెత్తురూ కలిసి వాకిలంతా ఎర్రబడింది.

ఇందులో నెత్తురు ఒక్కటే నిజం. అదీ నాది మాత్రమే.

ముప్పై ఏళ్ళు ఐటీఐలో ఫిట్టర్ పని నేర్పి, రిటైరై, దేవరకొండ దగ్గర మా ఊళ్ళో ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేసుకున్నాను. తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్ళకు, ఒక ఎండాకాలం, అందరి ఫోన్లలోకీ దొంగల ముఠాల వీడియోలు వచ్చి పడ్డాయి. ఎక్కడివో, ఎప్పటివో ఎవరూ అడగలేదు. ఊళ్ళో మగవాళ్ళు కట్టెలు పట్టుకుని తిరిగారు. నేను ఇంటికి గేటు చేయడానికి కూర్చున్నాను.

గేటు సంగతి చెబుతాను, పనికొస్తుంది. తాళం ఎంత పెద్దదైనా, కబ్జాల మీంచి, అంటే గేటు తిరిగే మడతబందుల మీంచి, పైకి లేపితే గేటు మొత్తం ఊడి చేతికొస్తుంది. అందుకని తగిలించాక పై కబ్జా నెత్తిన ఒక వెల్డింగ్ చుక్క వేయాలి. గడియ కడ్డీ గోడలోకి నాలుగు వేళ్ళ లోతు దిగాలి. బయటివాడి చెయ్యి లోపలి గడియకు అందకుండా ఊచల మధ్య సందు పిడికిలి కన్నా తక్కువ ఉండాలి.

ఇక గ్రైండర్, ఇనుము కోసే మిషను. తిరిగే బిళ్ళకూ మన ముఖానికీ మధ్య అర్ధచంద్రంలా ఒక రేకు ఉంటుంది, అదే గార్డు. దాన్ని తీయవద్దని ఎంతమంది పిల్లలకు చెప్పానో లెక్కలేదు. తీసినవాడి వీపు మీద స్కేలు విరగ్గొట్టాను కూడా. ఆ రోజు మూలలో ఊచ అందడం లేదని నేనే తీశాను. పైగా పాత బిళ్ళ, తేమ తగిలింది. ఊచలో ఇరుక్కుని పటాలున పగిలింది. ఒక ముక్క పైన రేకులో దిగబడింది. ఒకటి నా చెంప చీల్చుకుంటూ పోయింది. నా భార్య కొంగు అదిమిపెట్టి ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. తొమ్మిది కుట్లు.

ఫిట్టర్ సారు గార్డు తీసి కోసుకున్నాడంటే నా పరువేం కావాలి? దొంగ అన్నాను. ఎట్లా ఉన్నాడని అడిగారు. బక్కగా ఉన్నాడు, గళ్ళ చొక్కా అన్నాను. మా దిక్కు సగం మంది మగవాళ్ళు బక్కగానే ఉంటారు, వేసుకునేవి గళ్ళ చొక్కాలే. అది నాకప్పుడు తట్టలేదు. చెంపకు కట్టుతోనే మిగతా పని పూర్తిచేసి గేటు నిలబెట్టాను.

వారం తిరక్కముందే, పొద్దున తొమ్మిదింటికి, పాత ఇనుము కొనే ఒకాయన మోపెడ్ మీద ఊళ్ళోకి వచ్చాడు. కొత్త మనిషి. బక్కగా, గళ్ళ చొక్కాలో. మావాళ్ళు ఆపి మూట విప్పితే కత్తి దొరికిందట. పాత ఇనుము కొనేవాడి మూటలో కత్తి కాక మల్లెపూలు దొరుకుతాయా? కొట్టుకుంటూ నా గేటు ముందుకు ఈడ్చుకొచ్చేసరికి ఆయన కన్ను ఒకటి మూసుకుపోయింది, చొక్కా గళ్ళు కనిపించనంత నెత్తురు.

నేను గేటు తీసి గుంపులోకి దూకాను. ఆయన మీద అడ్డంపడి నాలుగు దెబ్బలు నా వీపున కాశాను. చుట్టాల పెళ్ళిళ్ళలో ఇట్లాగే చెబుతాను.

నేను గేటు తీయలేదు. లోపల గడియ పట్టుకుని నిలబడ్డాను.

తమ్ముడి వరసయ్యే పక్కింటాయన చేతిలో పార కట్టె ఉంది. "అన్నా, గీడేనా? ఒక్క మాట చెప్పు," అన్నాడు.

కింద పడి ఉన్న మనిషి ఊచల్లోంచి నన్నే చూశాడు. "నేను మీ ఊరు చూసుడే ఇయ్యాల సార్. జర చెప్పున్రి."

"సరిగ్గ సూడలే," అన్నాను. కాదని అనడానికి నోరు రాలేదు.

పార కట్టె ఆయన కుడి చేతి మీద పడింది. నా కథలో ఎముక పటుక్కుమంటుంది. అసలు చప్పుడు అట్లా ఉండదు. పచ్చి కొమ్మను విరిచినట్టు మెత్తగా ఉంటుంది.

నా భార్య వెనక నుంచి వచ్చి, నన్ను పక్కకు నెట్టి గడియ లాగింది. పక్కింటాయనకు ఎదురుగా పోయి నిలబడింది. "కట్టె కింద పడెయ్ రా. మీ అన్నను ఎవ్వడు కొయ్యలె. మిషిను బిళ్ళ పలిగి చెంప తెగింది. నెత్తురు కడిగింది నేను."

ఒక్కొక్కరే జారుకున్నారు. పక్కింటాయన కట్టె అక్కడే వదిలి పోయాడు.

దెబ్బలు తిన్నాయనను నేనూ నా భార్యే ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. ఏమైందని డాక్టరు అడిగితే, "బండి మీదికెల్లి పడ్డ సార్," అన్నాడు ఆయనే. డాక్టరు నమ్మక నా వైపు తిరిగాడు. మంచం మీది మనిషి ఎడమ చేత్తో నా అంగీ పట్టి లాగాడు. "కేసు గిట్ల వద్దు. నేను గీ ఊర్లల్లనే తిరిగి బత్కాలె," అన్నాడు నాకు మాత్రమే వినపడేటట్టు.

డాక్టరుకు జరిగిందంతా చెప్పేశానని ఇక్కడ ఒక వాక్యం రాశాను. కొట్టేస్తున్నాను. అవును, పడ్డాడనే చెప్పాను.

చెయ్యి వంకరగా అతుక్కుంది. ఆయన ఇప్పటికీ వారానికొకసారి వస్తాడు. కొట్టినవాళ్ళే పగిలిన బకెట్లు, తుప్పుపట్టిన నాగళ్ళు తెచ్చి ఇస్తారు. ఆయన ఎడమ చేత్తో తూస్తాడు. ఈమధ్య బండికి మైకు పెట్టుకున్నాడు, పాత ఇనుము కొంటామని అదే అరుస్తుంది. మా ఇల్లు దగ్గరపడగానే మైకు బందు చేస్తాడు. రెండిళ్ళు దాటాక మళ్ళీ మొదలవుతుంది. ఆ కాస్త దూరం మోపెడ్ చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది.