ఉప్పు లేని ఊరుబిండి

మా అత్త రోట్లో శెనక్కాయల ఊరుబిండి నూరుతూ, ఉప్పు వెయ్యకముందే నా వాటా తీసి చిన్న గిన్నెలో పెడుతుంది. మా ఉరవకొండ వైపు ఆ పచ్చడి లేనిదే సంగటిముద్ద గొంతు దిగదు. ఉప్పు లేని బిండితోనూ దిగదు, కానీ ఆ మాట నేను అనలేను.

నాకు బీపీ ఉందని తెలిసిన రోజు మొదలైంది ఇది. అంతకుముందు కొన్ని నెలలుగా ఒకటే తలనొప్పి. ఎండలో కలుపు తీయడం వల్లే అనుకున్నాం. ఆసుపత్రిలో డాక్టరు చేతికి పట్టీ చుట్టి చూసి, "ఈ వయసులో ఇంత బీపీనా? ఏమన్నా మాత్రలు మింగుతాండావామ్మా?" అని అడిగాడు. అత్త పక్కనే నిలబడి ఉంది. మనవడి కోసం ఆమె మొక్కని దేవుడు లేడు. పాప కాన్పులో నాకు చావు తప్పింది, ఇప్పట్లో ఇంకో కాన్పంటే భయం. పిల్లలు కాకుండా మాత్రలు మింగుతున్న సంగతి నాకూ, అవి కొనితెచ్చే లారీ డ్రైవరైన మా ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు.

"లేదు సార్" అన్నాను. ఉప్పు తగ్గించి మళ్లీ రమ్మన్నాడు.

అత్త ఆ మాటను గట్టిగా పట్టుకుంది. ఆమెకూ పాపకూ ఒక గిన్నె, నాకొకటి. ఒకే ఇంట్లో వేరు కుంపటి పెట్టినట్టుండేది. ఫోన్లో చెప్పుకుంటే మా ఆయన, "అమ్మ నీ మంచికే చేస్తాంది గదా, తిను" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

రెండోసారి ఒక్కదాన్నే వెళ్లాను. నర్సమ్మ తలుపు దగ్గరగా వేసి అదే ప్రశ్న అడిగింది. చెప్పేశాను, ఏడ్చాను కూడా.

"అందరికీ కాదు గానీ, కొంతమందికి ఆ మాత్రలతో బీపీ పెరుగుతాది. మొదలుపెట్టేముందే చూపిచ్చుకోవల్ల. కాన్పుల డాక్టరమ్మనడిగి అవి మానేసి, హార్మోన్లు లేని కాపర్-టీ పెట్టిచ్చుకో" అంది.

అలాగే చేశాను. కొన్ని వారాలకు బీపీ దిగింది, తలనొప్పీ పోయింది.

"ఉప్పు మానిపిచ్చి నా కోడల్ని నేనే బాగుచేసుకుంటి" అని అత్త వీధంతా చెప్పుకుంది. చెబుతూ నా తల నిమిరింది. నా జీవితంలో అంత ముద్దుగా నన్నెవరూ చూడలేదు. నిజం నోటిదాకా వచ్చింది. చెబితే ఉప్పు వస్తుంది, ఆ చెయ్యి పోతుంది.

ఇవాళ కూడా నా గిన్నె నా ముందుకు జరిపి, "బాగుండాదా?" అని అడిగింది.

"బాగుండాది అత్తా" అని, చప్పటి ముద్ద మింగి నీళ్లు తాగాను.