తలుపు మీద కోరాపుట్ లైను

ఆదివారం పొద్దున, పది గంటల ఇరవై నిమిషాలకి, రాయగడలో మా ఇంటి ముందుగదిలో, బాత్రూం తలుపు మీద నా రైలు పడిపోయింది. టైము కచ్చితంగా తెలుసు. పడగానే మా ఆవిడ గోడ గడియారం వంక చూసింది.

"ఇంకా నలభై నిమసాలున్నాది. పదకొండుకి వడ్రంగొత్తాడు," అంది.

తలుపు సంగతి చెప్పాలి. ఉద్యోగమంతా కోరాపుట్ లైన్లో గ్యాంగ్‌మేన్‌గా చేశాను. రిటైరయ్యాక ఏమీ తోచక చిన్న రైలు మొదలుపెట్టాను. పిల్లల ఆట కాదు. ఇంజను, పెట్టెలు, పట్టాలు అన్నీ లెక్క ప్రకారం ఉంటాయి, చిన్నవంతే. పరచడానికి బల్ల లేదు. పెరట్లో బాత్రూముకి మంచి టేకు తలుపుంది. ఊడదీసి రెండు బియ్యం డబ్బాల మీద వేశాను. బాత్రూముకి చీర కట్టాం. రెండు నెలలు ఎవరూ ఏమీ అనలేదు. మా ఆవిడ అంది, నేను వినలేదు.

ఆమె అక్క గుణుపూరు నుంచి వస్తోందని తెలిశాక వినక తప్పలేదు.

"మా అక్క సీరెనక తానమాడాలేటి? ఆదివారం పదకొండులోగా నీ బండి పడిపోకండా రాయగడ నుంచి కోరాపుట్ ఎల్లిందా, తలుపు నీది. బాత్రూముకి రేకు తలుపేయించుకుంతాను. ఎల్లలేదా, తలుపు నాది. మళ్ళీ రైలు ఊసెత్తకు."

మా ఆవిడ మాట తప్పదు. అదే నా భయం.

తలుపు పొడవంతా రాయగడ స్టేషనే తినేసింది. కోరాపుట్ లైను విడిపోవాలంటే మూల తిరిగే చోటే, వంపులోనే విడిపోవాలి. ఒక లైను రెండయ్యే చోట వేసేదాన్ని పాయింటు అంటాం. వంపులో వేసే పాయింట్లు రెండు రకాలు తెప్పించాను. ఒకటి ఫ్యాక్టరీలోనే వంచి పంపినది, దాని వంపు దానిదే, మన మాట వినదు. రెండోది పాములా మెలి తిరుగుతుంది, ఎటు కావాలంటే అటు వంచి మేకు కొట్టుకోవచ్చు.

పక్క వీధిలో ఒక ముసలాడున్నాడు. అదే లైన్లో టికిరి స్టేషనులో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. చుట్టం కాదుగానీ బావా అని పిలుచుకుంటాం.

"ఒంచి పంపిందే ఎయ్యి బావా. పాయింటన్నది కదలకూడదు. అదే మెలికలు తిరిగితే బండి ఎటెల్తాదో దేముడికి తెలవాల," అన్నాడు.

"నువ్వు నీడన కూకొని లీవరు లాగినోడివి. ఒంపు సంగతి నీకేటి తెలుసు? ఎండలో పట్టాలొంచినోణ్ణి నేను."

"ఒంచేవు. ఇనస్పెట్రు తిట్టి మళ్ళీ తిన్నగా సేయించేడు."

ఆ మాటతో నేను మెలి తిరిగేదే వేశాను. నిజం చెప్పాలంటే, చేతుల్తో పట్టా వంచి ఎన్నాళ్ళయిందో! ఒళ్ళంతా చక్కిలిగిలి పెట్టినట్టయింది. గ్యాంగులో వంపుని కంటితో చూసి బాగుందనం. పట్టాకి రెండు చోట్ల దారం బిగించి పట్టుకుని, నడిమధ్య దారానికీ పట్టాకీ ఎంత ఎడముందో కొలుస్తాం. వంపు పొడుగునా అంతే ఎడం రావాలి. మా ఆవిడ కుట్టు దారం, రెండు అగ్గిపుల్లలు తీసుకుని అలాగే కొలిచాను. ఎక్కడ చూసినా ఒక్కటే. దాని అందం చూసి గంటసేపు అన్నం తినలేదు.

అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. కొండ లైన్లో గట్టి వంపు దగ్గర చక్రాలు పట్టేయకుండా పట్టాలు పిసరంత ఎడంగా వేసేవాళ్ళం. చెయ్యి ఊరుకోక ఆకురాయి తీసి లోపలి పట్టాని ఆ పిసరూ అరగదీశాను. పాయింటొచ్చిన అట్టపెట్టెలో ఎలా వేయాలో చెప్పే కాగితముంది, ఇంగ్లీషు. నాకు తెలుగు అక్షరాలే ఏభై దాటాక మా ఆవిడ నేర్పింది. బొమ్మ చూసి చాలనుకున్నాను.

ఆదివారం పది ఇరవైకి ఇంజను పాయింటు మీదికొచ్చి పట్టాల మధ్యలోకి కూలబడింది. వెనక మూడు పెట్టెలూ దాని వీపెక్కాయి. చూడ్డానికొచ్చిన బావ నవ్వి నవ్వి నేలమీద కూర్చుండిపోయాడు.

"నిజం బండి సక్రం ఎంత ఎడల్పుంటాది? దీనికి గోరు మందం నేదు. జారదేటి మరి?"

సరిగ్గా అప్పుడే మా వదిన, అంటే మా ఆవిడ అక్క, భుజాన తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టెతో స్నానానికని వెళ్ళి పెరట్లోంచి తిరిగొచ్చింది.

"ఏటి మరిదీ, మీ ఇంట్లో తలుపు పడుకున్నాది, సీర నిలబడ్డాది!"

పాడైనది పీకేసి వంచి పంపినదే వేశాను. బావ మీసం తిప్పాడు. కానీ దాని వంపు వెడల్పు. పట్టా చివర తలుపు అంచు దాటి నాలుగు వేళ్ళు బయటికొచ్చింది.

"కోరాపుట్ గాల్లో ఉన్నాది బావా," అన్నాను.

"కొండ మీదూరే కదా, ఉండనీ."

అంతలో వడ్రంగి పది నిమిషాలు ముందే దిగాడు. పొట్టంగి వైపు మనిషి. పెదాల మధ్య మేకులు పెట్టుకుని తలుపు వైపు నడిచాడు.

"ఆగు బాబూ, పదకొండవనేదు," అని మా ఆవిడ వంటింట్లోకెళ్ళి చపాతీ పీట తెచ్చింది. "దీన్ని అంచుకి కొట్టండి. పందెమన్నాను గానీ సాయం సెయ్యనన్నానేటి?"

తలుపు పట్టుకెళ్ళి బాత్రూముకి బిగించడానికొచ్చినవాడు కిందినుంచి నాలుగు మేకులు కొట్టి, తలుపుకి కోరాపుట్‌ని అతికించేశాడు. కొత్త పాయింటు మీద మొదటి బండికి చక్రం కింద నిమ్మకాయ పెట్టడం మా గ్యాంగు ఆనవాయితీ. ఇంజనుకంటే కాయ పెద్దది. వదిన కాయ కోసి ఒక గింజ పెట్టింది.

పదకొండుకి రెండు నిమిషాలు. బండి వేగం పెంచి తగ్గించే రెగ్యులేటరు చేత్తో పట్టుకుని, పట్టా ఇంకోసారి తుడవబోయాను.

"ఇటియ్యి, టైమైపోతన్నాది," అని మా ఆవిడ లాక్కుంది.

గింజ చితికింది. ఇంజను పాయింటెక్కింది. టిక్కుమంది, ఊగింది, పడలేదు! తలుపు దాటి పీట మీదికెళ్ళి, చివర వెంట్రుకవాసిలో ఆగింది. బావ నోటితో కూతేశాడు. వదిన తువ్వాలు పచ్చజెండాలా ఊపింది. నేను ఏం చేశానో నాకు గుర్తులేదు. గెంతానని అంటారు.

"రేకు తలుపుకి కొలత తీసుకో బాబూ," అంది మా ఆవిడ, రెగ్యులేటరు వదలకుండానే.

"అందాకా నేనేటైపోవాల?" అంది వదిన.

"సీరే అక్కా."

"అయితే ఇంకోపాలి తిప్పవే, సూసి ఎల్తాను."

వదిన స్నానానికి వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆ పూట అక్కడున్నవాళ్ళం: రెగ్యులేటరు పట్టిన మా ఆవిడ, తువ్వాలుతో మా వదిన, కూత వేసిన బావ, కూలి మాట మర్చిపోయి చూస్తూ నిలబడ్డ వడ్రంగి, నేను. ఐదుగురం. మేమూ చూశామని వీధిలో చెప్పుకునేవాళ్ళు చాలామందున్నారు. వాళ్ళెవరూ ఆ పూట అక్కడ లేరు.