కలకత్తాలో నేను మోసిన అమ్మవారు

నోరు తెరిచి ఒక్క మాట అడగనందుకు ఒక మనిషి పరువు ఒక్క పూటలో ఎలా గంగపాలైందో చెబుతాను. నిజానికి చెప్పే ఓపిక లేదు. మా బంధువుల్లో ఏ పెళ్ళి జరిగినా, భోజనాలయ్యాక ఎవరో ఒకరు "మావా, ఆ కలకత్తా సంగతి" అంటారు. నములుతున్న తాంబూలం ఆపి మొదటినుంచీ చెప్పాలి. నేనెక్కడైనా ఒక ముక్క వదిలేస్తే పిల్లలు అందిస్తారు. చెప్పి చెప్పి దవడలు అరిగిపోయాయి. అందుకని ఒక్కసారి రాసి పడేస్తున్నాను. ఇకమీదట కావలసినవాళ్ళు చదువుకోండి, నన్ను కాసేపు నడుం వాల్చనివ్వండి.

అప్పటికి నాకింకా పాతికేళ్ళు నిండలేదు. బడి మొహం పెద్దగా చూడకపోయినా లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. ఉద్దానంలో ఏ కొబ్బరితోట గట్టునైనా నిలబడి కాపు ఇంత అని అంచనా కడితే, వర్తకులు బేరం ఆపి నా మొహం చూసేవారు. దాంతో నాకో జబ్బు పట్టుకుంది. ఏ సంగతైనా సరే లెక్కగట్టి తెలుసుకోవాలి తప్ప ఒకరిని అడగకూడదు. అడగడమంటే నాకు నడివీధిలో పంచె ఊడినంత నామోషీ.

మా మేనత్త నీలమ్మత్తది వేరే బాధ. కొడుక్కి మశూచి పోసినప్పుడు, వాడు బతికితే తన పెరటి చెట్టు కాయ పట్టుకెళ్ళి కలకత్తా కాళికి కొడతానని మొక్కుకుంది. కొడుకు బతికాడు, పెద్దవాడయ్యాడు, మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ ఏడు వాడు మళ్ళీ జ్వరంతో మంచం పట్టేసరికి అత్తకి కంటిమీద కునుకు లేదు. "అమ్మోరు గుర్తు సేత్తందిరా" అంది. ఆవిణ్ణి పలాసలో రైలెక్కించి తీసుకెళ్ళే పని నా నెత్తిన పడింది.

"కలకత్తా నీకు తెలుసేట్రా?" అని అడిగింది.

"తెలియడానికేముంది అత్తా? అక్కడివాళ్ళలాగే తిరిగితే సరి."

ఈ మాట మీరు కాస్త గుర్తుపెట్టుకోండి. మా వాళ్ళు ఇప్పటికీ మరిచిపోలేదు.

హౌరాలో దిగేసరికి తెల్లవారుతోంది. స్టేషను ఎదురుగా ఇంత వెడల్పున నీళ్ళు, ఓడల కొయ్యలు, ఆ అవతల మబ్బుల సందులో కాస్త వెలుతురు. నా మనసు కుదుటపడింది. ఉద్దానంలో పుట్టినవాడికి వేరే దిక్సూచి అక్కర్లేదు. సముద్రం ఎటుంటే అది తూర్పు. మాకు కుడీ ఎడమా లేవు. పీట జరపాలన్నా "కాస్త పడమరకి జరుగు" అంటాం. కలకత్తా కూడా మన ఊరిలాంటిదే, నీళ్ళు తూర్పున పెట్టుకుంది అని తీర్మానించి, గుర్రబ్బండి ఎక్కీ ఎక్కగానే నిద్రపోయాను. రాత్రంతా రైల్లో నిలబడి వచ్చినవాణ్ణి, తప్పు పట్టకండి. కళ్ళు తెరిచేసరికి బండి అప్పన్న భోజనశాల ముందు ఆగి ఉంది.

అప్పన్నది కంచిలి. మన వైపు నుంచి వచ్చేవాళ్ళకి వండిపెడుతూ అక్కడే స్థిరపడ్డాడు. మర్నాడు పొద్దున్నే అత్త ఉపవాసంతో, టెంకాయ ఒడిలో కట్టుకుని తయారైంది. సాయంత్రం తిరుగు రైలు. ఆకాశమంతా ముసురు, సూర్యుడి జాడ లేదు.

"గుమ్మం దిగి తూరుపుకెల్లిపో బావా," అని అప్పన్న దారి చెప్పాడు. "ట్రాము రోడ్డొత్తాది. దచ్చినం పోయే ట్రామెక్కి కడాకర్న దిగు. అదే కాళీఘాట్. పోనీ నాను రానా?"

"అక్కర్లేదు."

"అయితే ఎవులినైనా కాళీఘాట్ అని అడుగు, సాలు."

"అదీ అక్కర్లేదు."

బెంగాలీ బాబులా కుచ్చిళ్ళు జీరాడేలా పంచె కట్టాను. తలకి నూనె పట్టించి నడిమి పాపిడి తీశాను. అక్కడి మగవాళ్ళు తలకి ఏమీ చుట్టరు కనుక నా తలపాగా మూట మీద వదిలేశాను. అత్త నన్ను ఎగాదిగా చూసింది.

"తలపాగా లేకండా ఏటిరా ఆ అవతారం? సావుకెల్తన్నట్టున్నావు."

ఆవిడ నాలుక మీద ఆ పూట ఎవరు కూర్చున్నారో నాకు తెలియదు.

మేడ మీదకెక్కి చూస్తే ఓడల కొయ్యలు కనబడ్డాయి. అంటే అటు తూర్పు. అటే నడిచాం. ట్రాము రోడ్డు నిజంగానే వచ్చింది. తూర్పుకి మొహం పెట్టి నిలబడితే కుడిచెయ్యి దక్షిణం కదా, అటు పోయే ట్రామెక్కాం. కండక్టరు వచ్చి ఏదో అడిగాడు. అత్త "కాళీ..." అనబోయింది. మోచేత్తో పొడిచాను.

"ఊరుకో అత్తా! కొత్తవాళ్ళమని తెలిసిపోదూ?"

"కొత్తోల్లమే గదరా!"

నేను చిల్లర అందించి "హ్యాఁ" అన్నాను. అవునని అర్థం. నాకొచ్చిన బెంగాలీ అంతా అదే. అతను ఇంకేదో అడిగాడు. దానికీ "హ్యాఁ" అన్నాను. నన్నొకసారి పరీక్షగా చూసి, టిక్కెట్లు చింపి ఇచ్చి వెళ్ళిపోయాడు.

కడాఖర్న దిగాం. గుడి లేదు. సన్నటి వాన, చీలమండల లోతు బురద, రోడ్డుకి రెండు వైపులా కలప అడితీలు.

"ఇంత కట్టె ఎందుకురా ఈలకి?"

"హోమాలకి అత్తా. పెద్ద గుడి కదా."

నడిచాం. మళ్ళీ నడిచాం. నా కుచ్చిళ్ళు వీధి ఊడ్చే చీపురులా బురదంతా పోగుచేసుకుని బరువెక్కాయి. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టని అత్త, ప్రతి అరుగు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటోంది.

"ఒరే, అదుగో ఆ బాబునడుగుదుం."

"వద్దు."

"పోనీ నానడుగుతాను."

"నీకు బెంగాలీ రాదు కదా!"

అత్తని ఇచ్ఛాపురం దగ్గర ఊరికి ఇచ్చారనీ, ఆవిడకి ఒడియా నీళ్ళలా వచ్చుననీ, కలకత్తాలో మూటలు మోసేవాళ్ళలో చాలామంది ఒడియావాళ్ళేననీ నా బుర్రకి తట్టలేదు.

అంతలో వెనకనుంచి మృదంగం, తాళాలు, "హరిబోల్" అని కేకలు. నలుగురి భుజాల మీద మంచంలాంటి పల్లకీ. దాని నిండా పూలు, చుట్టూ ధూపం, వాన పడకుండా పైన గొడుగులు.

"చూశావా అత్తా! అమ్మవారి ఊరేగింపు. వీళ్ళ వెనకాలే వెళితే తిన్నగా గుళ్ళో ఉంటాం."

అత్త చేతులెత్తి మొక్కింది. కళ్ళవెంట నీళ్ళు కారాయి. "నాను ఎల్లలేకపోతన్నానని నా తల్లే ఎదురొచ్చినాది."

మోస్తున్నవాళ్ళలో ఒకాయన అలిసిపోయి, "ధరో, ధరో" అంటూ నాకు సైగ చేశాడు. ఆ ఊరివాడైతే కాదంటాడా? నా చేతిలో గొడుగు అత్తకిచ్చి భుజం పెట్టాను. "హరిబోల్" అని అందరికంటే గట్టిగా అరిచాను కూడా. పక్కన నడుస్తున్న మనిషి వెక్కుతూ నన్నేదో అడిగాడు. "హ్యాఁ" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఇంకా ఎక్కువ ఏడ్చాడు. ఈ ఊళ్ళో భక్తి ఎక్కువ అనుకున్నాను.

నీటి ఒడ్డున పల్లకీ దించారు. అత్త జనాన్ని తోసుకుంటూ వచ్చి, చేతిలో గొడుగు కింద పడేసి, టెంకాయ తీసి, రాతిమెట్టు మీద కొట్టడానికి రెండు చేతులా పైకెత్తింది. సరిగ్గా అప్పుడే ఎవరో పల్లకీ మీది గొడుగు పక్కకి తీశారు. అత్త చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"ఒరే అల్లుడూ."

"కొట్టెయ్యి అత్తా!"

"అమ్మోరికి మీసాలేటిరా?"

తొంగిచూశాను. నెరిసిన గుబురు మీసాలు. పూల మధ్య ఒక పెద్దాయన ఏ చింతా లేకుండా పడుకుని ఉన్నాడు. ఆ పక్కన చితులు మండుతున్నాయి. ఇంత కట్టె ఎందుకో అప్పుడు తెలిసింది.

అత్త టెంకాయ గబుక్కున ఒడిలో దాచి వెనక్కి గెంతింది. "నన్ను ముట్టుకోకు! సవాన్ని మోసి మైలపడ్డావు. కాయ వైపు సూడకు!" ఆ తర్వాత అక్కడ కట్టెలు మోస్తున్న ఒకతన్ని పిలిచి ఒడియాలో గడగడా మాట్లాడింది. అతను నవ్వు ఆపుకోలేక కట్టెల మోపు దించేశాడు.

"ఇన్నావేట్రా? టేసను నది ఆ ఒడ్డునంట, ఊరు ఈ ఒడ్డునంట. ఈల నీల్లు పడమరంట! మనమెక్కింది ఉత్తరం పోయే ట్రామంట! గుర్రబ్బండి వొంతెన దాటతన్నప్పుడు నీకు సూపిద్దామనుకున్నాను, గుర్రు పెట్టి తొంగున్నావు."

ఇంతలో ఆ ఏడ్చిన మనిషి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. పోయినాయన కొడుకట. ఆయన బెంగాలీని కట్టెలతను ఒడియా చేస్తే, అత్త దాన్ని తెలుగు చేసింది.

"నువ్వు ఈలబ్బకి నేస్తానివా అనడిగితే అవునన్నావంట. బుజం పట్టినోడు సుట్టమే, పదకొండో రోజు బోజనానికి తప్పకండా రావాలంతన్నాడు."

గంగలో మునిగి తడిబట్టలతో వెంట నడిచాను. ఆ తర్వాత దారి అంతా అత్తదే. అడగాల్సినవాళ్ళనీ అడిగింది, అక్కర్లేనివాళ్ళనీ అడిగింది. మళ్ళీ ట్రామెక్కాక నేను ఆవిడకి తగలకుండా ఓ మూల నక్కాను. కాళీగుడి దగ్గర, మైలవాణ్ణి కనుక నన్ను వీధిలోనే నిలబెట్టి ఒక్కతే లోపలికి వెళ్ళింది. చాలాసేపటికి నుదుట కుంకుమతో, ఎప్పుడూ చూడనంత తేలికపడ్డ మొహంతో వచ్చి, కొబ్బరిచిప్ప దూరంనుంచే నా చేతుల్లో పడేసింది.

"మైల కదా అత్తా?"

"పెసాదానికి మైలేటిరా. తిను. ఏడుపుమొకం పెట్టకు."

పలాసలో దిగేసరికి, జ్వరం తగ్గి అత్త కొడుకే బండి తోలుకొచ్చాడు. "కలకత్తా ఎలగుందే అమ్మా?" అని అడిగాడు.

అత్త నింపాదిగా బండెక్కి కూర్చుని, "బాగుందిరా. మీ బావకి ఆ ఊల్లో సుట్టాలున్నారు. పదకొండో రోజు బోజనానికి పిలిసినారు," అంది.

అందుచేత, నన్ను తడిపిన గంగ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ ఊరు వెళ్ళినా తూర్పు ఎటో కూడా అడిగే తెలుసుకుంటాను. నా తలపాగా నా తల మీదే ఉంటుంది. ఎవరైనా ఏ పల్లకీకైనా భుజం పట్టమంటే, ముందు గొడుగు తీయించి, లోపలున్నవారికి మీసాలున్నాయో లేదో చూసి మరీ భుజం పెడతాను.