వాల్వుల డబ్బల కొబ్బరినీళ్లు

మా ఇంట్ల కరెంటంటె అందరికీ భయమే. మా చిన్నాయన బాయికాడ మోటరు స్టార్టరు పట్టుకొని అక్కడికక్కడనే పోయిండు. అప్పుడు పక్కనున్నది మమ్ముల కన్న మా అవ్వ ఒక్కతే. ముడితె తను గుడ పోతదని తెలిసి ఆగింది. ఆగినందుకు ఏండ్లకేండ్లు ఏడ్సింది. అసొంటి ఇంట్ల పుట్టి నేను రేడియో మెకానిక్‌నైన, మా తమ్ముడు గిటారు పట్టిండు. ఏం జేస్తరు, ఎవల రాత వాళ్లది.

లక్సెట్టిపేట బస్టాండు కాడ నాకు చిన్న దుకాణం ఉండె. ఎనభైలల్ల ఒకనాడు తమ్ముడు బస్సు మీదికెల్లి పెద్ద డబ్బ దించుకొని వచ్చిండు. గిటారు ఆంప్లిఫయరు. లోపల గాజు వాల్వులు, అంత పాతది. మంచిర్యాల రైల్వే క్వార్టర్లల్ల ఎవరో ఇల్లు ఖాళీ జేస్తుంటె అడుక్కొని తెచ్చిండట.

"అన్నా, దసరాకు బొగ్గుబాయి కాలనీల మా ఆర్కెస్ట్రా ఉన్నది. సొంత డబ్బ ఉంటెనే నన్ను పెట్టుకుంటరట. జర బాగుచెయ్యరాదె."

"బాగుచేసుడేందిరా? గిది నీ పానం తీస్తది!" అని కసిరిన.

ఉత్తగ కసరలే. గిటారు తీగలు ఇనుపయి. వైరెంబడి అవి డబ్బల ఉన్న ఇనుప చట్రానికి, అదే ఛాసిస్‌కు, కలిసి ఉంటయి. ఛాసిస్‌లకు కరెంటు దిగిందంటె తీగలల్లకు వచ్చినట్టే. ఆ తీగల మీద మావోని వేళ్లుంటయి. రేడియోల తప్పు జేస్తె పాట ఆగుతది, దీంట్ల తప్పు జేస్తె మనిషి పోతడు.

అయినా మూత ఇప్పకుండ ఉండలేకపోయిన, మెకానిక్ పుటక గసొంటిది. కాగితం కండెన్సర్ల నుంచి మైనం కారి కిందంత జిగట. స్విచ్ బందు జేసినా వాటిల కరెంటు దాగి ఉంటది. అందుకే ఎడమ చెయ్యి జేబుల పెట్టుకొని కుడిచేత్తోనే పని జేసిన. రెండు చేతులు పెడితె దెబ్బ గుండెలకెల్లి పోతది. పాత కండెన్సర్లన్నీ కోసేసి కొత్తయి అతికిన. రెండు పిన్నుల వైరు పీకి, ఎర్తు వైరున్నది ఏసిన. ఒక వాల్వు మాడిపోతె దానికోసం కరీంనగరంత తిరిగిన. ఆఖరికి మూతబడ్డ టాకీసు మిషన్ రూముల దొరికింది. ఇంత జేసినా మనసు కుదుట పడలే. అన్నం ముంగట కూసున్నా గా ఛాసిసే కండ్లల్ల మెదిలేది.

దసరా పొద్దుగాల డబ్బ ఆన్ జేస్తె వాల్వులు ఎర్రగ ఎలిగినయి. సప్పుడు కమ్మగ వచ్చింది. తమ్ముడు ఎగిరి గంతేసిండు. బందు జేసి తానానికి పోయిన.

వచ్చేవరకు అవ్వ డబ్బకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూలేసింది. దసరానాడు పనిముట్లకు మొక్కుడు మా తాన ఉన్నదే. గంతటితోని ఆగితె బాగుండు. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు డబ్బ మీద ధార పోస్తుంది. వాల్వుల వేడి పోనీకి పైనున్న తూట్లల్లకెల్లి నీళ్లన్నీ లోపలికే.

"ఏం పని జేసినవే అవ్వా!" అని గావుకేక పెట్టిన.

"పోరడు కరెంటు కాడ నిలవడుతుండు, సల్లగుండాలె అని పోసిన బిడ్డా."

"సల్లగనే అయితడు! నీ నీళ్లతోని రాత్రికి వాడు సస్తె ఎవలకు తగులుతది పాపం?"

అవ్వ మొకం తెల్లవోయింది.  నాకు గుడ ఓదార్చే ఓపిక లేకుండె. డబ్బ ఇప్పి తుడిసి, ఎండకు పెట్టి, ఫ్యాను తిప్పిన. కరెంటిచ్చి ఛాసిస్‌కు టెస్టర్ పెడితె మొదలు సన్నగ ఎలిగింది, పొద్దు గుంకేవరకు ఎలుగుడు ఆగింది. "వద్దురా తమ్మీ" అన్న. "వాళ్లు ఇంకోణ్ని చూసుకుంటరన్నా" అని వాడు కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు.

జమ్మికి పోయొచ్చినంక జనం బొగ్గుబాయి కాలనీ గ్రౌండు నిండిండ్రు. స్టేజీ వెనుక ఇనుప రాడు భూమిల దిగ్గొట్టి, ఉప్పునీళ్లు పోసి, ఎర్తు వైరు దానికి కట్టిన. స్విచ్చు మీద చెయ్యేసి కూసున్న. నాకు తమ్ముని ఈపే కనవడుతుంది. సప్పుడు వస్తున్నంతసేపు బతికే ఉన్నడని లెక్క.

అవ్వ ముంగటి వరుసల కూసున్నది. వాడు స్టేజీ మీద వాయించంగ ఆమె ఎన్నడు సూడలే. నడిమిట్ల వాడు తలకాయ ఎనుకకేసి, కండ్లు మూసుకొని, ఒళ్లంత ఊపుకుంట వాయించుడు మొదలువెట్టిండు. అది వాని స్టయిలు. అవ్వకేం ఎరుక?

"అయ్యో కొడుకా!" అని కేక ఇనబడ్డది. మెట్ల కాడ పడున్న ఎండుకట్టె అందుకొని అవ్వ స్టేజీ ఎక్కింది. కరెంటు పట్టినోణ్ని కట్టెతోనే ఇడిపియ్యాలె గద. వాని ముంజేతి మీద ఒక్కటేసింది. "ఇడువు బిడ్డా, ఇడువు!"

పాట ఆగింది. గ్రౌండంత గొల్లుమని నవ్విండ్రు. వాని జాగల నేనుంటె ఏమంటుంటినో! వాడయితె అవ్వ చెయ్యి పట్టుకొని తీగల మీద పెట్టిండు. "ఏం లేదు సూడవ్వా."

 బందు జేద్దామంటె వేళ్లు కదులలే. ఇన్నొద్దులు వాడొక్కడు బతకాలె అనుకున్న, ఇప్పుడు ఇద్దరు. స్పీకర్లల్ల గర్రుమన్నది. అవ్వ వేళ్లు తీగల మీద గీసుకున్న సప్పుడది. ఏం గాలే. ఇద్దరు నిలబడే ఉన్నరు.

వాడు పాట మళ్ల మొదటికెల్లి ఎత్తుకున్నడు. అవ్వ దిగలే. వాని ఎనుక నిలబడి భుజం మీద చెయ్యేసింది. దిగు అవ్వా, దిగు అని నేను వెనుక నుంచి మొత్తుకుంటున్న.

"ఊకో రా," అన్నది నాకేసి సూడకుండనే. "కరెంటు వస్తె ఇద్దరికి రానియ్యి."

పాట అయిపోయేదాక ఆ చెయ్యి తియ్యలే.