మద్రాసు నుంచి వచ్చిన బెండు పట్టీ

నా చిన్నప్పుడు మా పొలం బావిలో నీళ్లున్నన్నాళ్లే మా తమ్ముడికి కాళ్లుండేవి. గట్టు మీద కూర్చోబెడితే కూర్చున్న చోటి నుంచి కదలలేడు. నీళ్లలో దింపితే మాత్రం చేతులతో నీటిని తోసుకుంటూ బావి అంతా తిరిగేవాడు. పసితనంలో వచ్చిన జ్వరం పోతూ పోతూ వాడి రెండు కాళ్లనూ చచ్చుబడేలా చేసి పోయింది. మాది గిద్దలూరు దగ్గర పల్లె. అప్పట్లో మా ప్రాంతం కర్నూలు జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేది. నాయన తైలాలతో మర్దన చేయించాడు, పసర్లు కట్టించాడు, మొక్కులు మొక్కాడు. ఏదీ అక్కరకు రాలేదు.

ఆ రోజుల్లోనే మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే నాయన స్నేహితుడొకాయన మద్రాసు వెళ్లినప్పుడు ఒక నడుంపట్టీ తెచ్చి ఇచ్చాడు. మందపాటి గుడ్డలో బెండు ముక్కలు వరసగా పెట్టి కుట్టింది. అది కట్టుకుని ఈత కొడితే పడిపోయిన కాళ్లలోకి సత్తువ వస్తుందనీ, దొరల పిల్లలకు అదే కడతారనీ అక్కడెవరో చెప్పారట. ఆయన మోసగాడు కాదు. విన్నమాట నమ్మి మా మీద ప్రేమతో తెచ్చాడు.

వానలు పడి బావిలో నీళ్లు పైకి రాగానే నాయన రోజూ తమ్ముణ్ని ఎత్తుకుని పొలానికి పోయేవాడు. వెనకాలే నేనూ పోయేదాన్ని. పట్టీ కట్టి వాణ్ని నీళ్లలో వదిలి, మెట్టు మీద గొంతుక్కూర్చుని వాడి కాళ్ల వంకే చూసేవాడు. “ఎడమకాలు ఆడింది, చూసినావా?” అని నన్ను అడిగి, నేను నోరు తెరిచేలోపే తానే తలూపుకునేవాడు. నాకు నీళ్లు కదలడం కనిపించేది. కాలు కదిలిందో, నీళ్లే కాలిని కదిలించాయో తెలిసేది కాదు. పట్టీ కట్టని రోజున మాత్రం కాళ్లు కట్టెల్లా ఉన్నాయనేవాడు నాయన.

తమ్ముడి ఈత నిజంగానే బాగుపడింది. ఆ గోడ నుంచి ఈ గోడకు మునుపటి కంటే తొందరగా వచ్చేవాడు. పట్టీ పని చేస్తోందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ఆ సంబరంలోనే ఒక ఏడు గడిచిపోయింది. ఎండాకాలంలో బావి అడుగంటింది, మళ్లీ వానలకు నిండింది. నాయన మాత్రం వాడికి చంకకర్రలు చేయించనివ్వలేదు. కర్రలు అలవాటైతే కాలు బద్ధకిస్తుందనేవాడు. కాళ్లొచ్చాక నడిచే బడికి పోతాడనేవాడు. వాడి ఈడు పిల్లలు మా వాకిటి ముందు నుంచే బడికి పోయేవాళ్లు. వాళ్లు మలుపు తిరిగేదాకా తమ్ముడు అరుగు మీద నుంచి చూసేవాడు. అది చూడలేక అమ్మ తన తమ్ముడికి కబురు పెట్టింది.

మా మేనమామ వాళ్ల ఊళ్లో పిల్లలందరికీ ఈత నేర్పిన మనిషి. వచ్చి కొన్నాళ్లు బావి దగ్గర కూర్చుని తమ్ముడి ఈత చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“బావా, వాని రెక్కలు ఎట్ల గట్టిపడినాయో చూసినావా? ఈత బాగైంది రెక్కలతోనే. కాళ్ల సంగతి నాకు తెలవకుండా ఉంది. ఒకసారి పరీక్ష పెట్టి చూద్దామా?”

“ఇంక పరీక్ష ఏంది, కంటికి కనపడతాంటే!”

“అందుకే బావా. కన్ను ఏం కావాలనుకుంటే అదే చూస్తాది.”

మామ చేసిన ఉపాయం ఇది. తమ్ముడికి నాయన వదులు చొక్కాను మామే తొడిగేవాడు. దాని కింద ఒక రోజు మద్రాసు పట్టీ, ఒక రోజు ఈత నేర్చేవాళ్లకు తేలడానికి కట్టే ఎండిన చిన్న సొరబుర్రలు. ఏది కట్టాడో పైకి తెలియదు. నాయన చూసి, ఆ రోజు కాళ్లు ఆడాయో లేదో చెప్పాలి. నాయన నవ్వి ఒప్పుకున్నాడు. ఆయనకు అంత నమ్మకం.

పరీక్ష చివరి రోజున నాయన మెట్టు మీది నుంచి లేచి నిలబడ్డాడు. “ఈ పొద్దు రెండు కాళ్లూ ఆడినాయి! ఇంకేం కావాలరా నీకు?” అని మామను కేకేశాడు.

మామ తమ్ముణ్ని పైకి తీసి చొక్కా విప్పాడు. నడుముకు సొరబుర్రలున్నాయి.

“మరి నిన్న?” అన్నాడు నాయన.

“నిన్న పట్టీ, బావా. కాళ్లు మందంగా ఉన్నాయంటివి.”

నాయన ఒక బుర్రను పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు తమ్ముడన్నాడు, “నాకు ముందే తెలుసు నాయనా. నీళ్లే ఊపుతాయి కాళ్లను.”

“మరి చెప్పలేదేందిరా?”

“నువ్వు నవ్వుతాంటివి గదా.”

నిజం నిరూపించిన మామ దగ్గర కూడా నాయన నమ్మకం బదులు ఇవ్వడానికి ఏమీ లేదు. గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. నాయన పైపంచెతో తమ్ముణ్ని తుడిచాడు. కాలివేళ్ల సందుల్లో కూడా తడి లేకుండా, పసిబిడ్డకు తుడిచినట్టు చాలాసేపు తుడిచాడు.

మర్నాడు మళ్లీ ఆ పట్టీనే కట్టి వాణ్ని నీళ్లలో దింపాడు. మామ అడ్డుచెప్పలేదు. కొన్నాళ్లకు నాయనే మానేశాడు. మామ చేయించిన చంకకర్రలతో తమ్ముడు మొదటిసారి గడప దాటిన పొద్దున నాయన దొడ్లోకి వెళ్లిపోయాడు, చూడలేదు. తమ్ముడు బడికి పోయాడు, చదువుకున్నాడు. కాళ్లు మాత్రం రాలేదు.

ఇప్పుడు ఎవరైనా ఫలానాది కట్టుకుంటే నొప్పి తగ్గిందనో, ఫలానాది వాడితే బలం వచ్చిందనో చెబితే, అది లేకుండా చూశారా అన్న ప్రశ్న నా నోటిదాకా వస్తుంది. అది మామ నేర్పింది. అడగక తప్పని చోట అడుగుతాను కూడా. కానీ అడిగే ముందు వాళ్ల పక్కన కూర్చుంటాను. జవాబు తెలిశాక ఏం చేయాలో ఆ రోజు మామకూ తెలియలేదు, ఇన్నేళ్లు వచ్చినా నాకూ తెలియలేదు. లేచి వెళ్లిపోకుండా ఉండటం ఒక్కటే చేతనవును.