ఆయుధపూజ తర్వాత వణికిన కారు

నాకు కోపం తొందరగా వస్తుంది. అందులోనూ నా కారును ఎవరైనా ఒక మాటంటే ఊరుకోలేను. ధర్మవరంలో మా ఇంట్లో నేసిన పట్టుచీరలను కొత్తచెరువు దుకాణాలకు నేనే ఆ కార్లో వేసుకుపోతాను. పాత కారే. అయినా మా అత్తా నేనూ నడుములు పడిపోయేలా మగ్గం మీద కూర్చుంటే వచ్చిన కారు.

అందుకే ఆయుధపూజ రోజు మా ఆయన టెంకాయ అందుకోబోతే ఆపి, అత్త చేతికిచ్చాను. మామ పోయినప్పటి నుంచి ఆమె శుభకార్యమంటే నలుగురిలోకి రాదు. "నాకొద్దమ్మా, మంచిది కాదు" అంది. "నువ్వు కొడితేనే నా బండి కదిలేది" అని మొండికేశాను. మా వీధిలో బానెట్ ఎత్తి ఇంజన్‌కు కూడా పసుపు కుంకుమ పెడతారు. అత్త టెంకాయ రాతికి కొట్టి, చిప్పల్లో మిగిలిన నీళ్లన్నీ భక్తిగా ఇంజన్ మీద పోసింది. అప్పుడామె ముఖం చూస్తే నా కడుపు నిండిపోయింది.

మరుసటి రోజు స్టార్ట్ చేస్తే కారు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. వేగం మీద పోతుంటే కాస్త నయం, రైల్వే గేటు దగ్గర ఆపితే మళ్లీ అదే. మీటరు పక్కన ఇంజన్ బొమ్మ పసుపురంగులో వెలిగింది. నేను ఇంటికి తిరిగొచ్చేసరికి అత్త అరుగు మీద నుంచి చూసింది. "నేనొద్దంటి కదా. మొగుడు పోయినదాని చేత కొట్టిస్తే ఇంతే" అని లోపలికి పోయింది. కారు సంగతి సరే, ఆ మాట నన్ను కోసేసింది.

షెడ్డుకు తీసుకుపోతే మెకానిక్ స్కానర్ తగిలించాడు. "మూడో సిలిండర్ మిస్సింగ్ కొడతాండాది అక్కా. పి0303 అని కోడ్ చూపిస్తాంది. పెట్రోలు బాగలేదేమో" అని కోడ్ చెరిపేసి పంపించాడు. ఇల్లు చేరేలోగా బొమ్మ మళ్లీ వెలిగింది. వెనక్కి తిరిగి వెళ్లి అతని మీద విరుచుకుపడ్డాను.

"ఏమప్పా, ఊరికే చెరిపితే రోగం పోతాదా? మగ్గంలో పోగు తెగితే తెగినకాడే ఎతుకుతాం. ఆ మూడోది ఇప్పి చూడు."

అతను నవ్వుకుంటూ ప్లగ్గుకు కరెంటిచ్చే మూడో కాయిల్ పైకి లాగాడు. దాని రబ్బరు తడిగా, బంకగా ఉంది. కింద ప్లగ్గు కూర్చునే గుంతలో నీళ్లు నిలిచి ఉన్నాయి. వేలు ముంచి వాసన చూశాడు.

"పులిసిన టెంకాయ నీళ్లు అక్కా. పండగైనాక ఇట్లాంటి బండ్లు వస్తానే ఉంటాయి."

గుంతలో గాలి కొట్టి ఆరబెట్టి, కొత్త ప్లగ్గు వేసేసరికి కారు బుద్ధిగా ఆడసాగింది. నా బుర్ర మాత్రం "ఇట్లాంటి బండ్లు" అన్న అతని మాట దగ్గరే ఆగిపోయింది.

"ఆ బండ్లకు టెంకాయ కొట్టిందెవరప్పా?"

"అందరూ కొడతారు. మొగోళ్లు, ముత్తైదువలు. పోయినేడు ఒకాయన పూజారిని పిలిపించి కొట్టించినాడు. ఆయన బండీ ఇంతే."

ఇంత మంచి కబురు మెకానిక్ షెడ్డులో దొరుకుతుందని నేననుకోలేదు. ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు. అత్త మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది. పక్కనే చతికిలబడి జరిగినదంతా చెప్పాను. "నీ చెయ్యి కాదత్తా, ఆ నీళ్లు. ఎవరు పోసినా అంతే."

ఆమె నేత ఆపి, పోగు నడిపే నాడె పక్కన పెట్టింది.

"పూజారి కొట్టిన బండి గూడా వణికిందా?"

"వణికిందంట."

"ముత్తైదువలు కొట్టినవి?"

"అవీ అంతే."

పడుగు దారాల మీద చెయ్యి నిమిరింది. తర్వాత మెల్లగా, "అట్లయితే మీ మామ పోయింది గూడా నా వల్ల కాదేమో" అంది.

ఇన్నేళ్లూ ఆమె ఆ బరువు మోస్తోందని నాకు అప్పుడే తెలిసింది. "కాదత్తా" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం నవ్వింది.